బట్టీ పిల్లలతో ఫోటో దిగారు సరే, మర్నాడు పాఠం ఎవరు చెబుతారు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ పేపర్ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. ఇటుక బట్టీల దగ్గర నుంచి తీసుకొచ్చిన ఒడిశా పిల్లలు ఒక బడి ముందు వరసగా నిలబడ్డారు. చేతుల్లో కొత్త బ్యాగులు, వెనకాల పెద్దలు. బడి బయట ఉన్న పిల్లల్ని బడిలో చేర్పించారని కింద రాశారు. మంచి వార్తే, తప్పు పట్టడానికి రాయడం లేదు. కానీ ఆ ఫోటో తరవాత జరిగేది పేపర్లో రాదు. నాకు కొంత తెలుసు కాబట్టి చెబుదామని కూర్చున్నాను. ఉత్తరం పెద్దదైతే మన్నించండి, కత్తిరించాల్సి వస్తే ముందు భాగం కత్తిరించండి గాని చివర అడిగినవి మాత్రం ఉంచండి.

నేను కొత్తపేట మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్‌ని. 2024 ఆగస్టులో కమిటీ ఎన్నికలు జరిగినప్పుడు ఎవరూ ముందుకు రాకపోతే, "మీ ఇల్లు బడికి ఎదురే కదమ్మా" అని నా పేరు చెప్పారు. ఇంటి దగ్గర టైలరింగ్ చేస్తాను. మా చిన్నది ఆ బడిలోనే నాలుగో తరగతి. కుట్టుమిషను వరండాలో ఉంటుంది, బడికీ మాకూ మధ్య ఒక పంట కాలువే అడ్డం. ఎవరు వస్తున్నారో, ఎవరు గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారో అన్నీ కనపడుతూనే ఉంటాయి.

మా వైపు సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇటు కొత్తపేట, రావులపాలెం, గౌతమి దాటితే ఆలమూరు, ఏటిగట్టు వెంబడి చాలా చోట్ల ఇటుక బట్టీలున్నాయి. లంక మట్టి ఇటుకకు మంచిది. వానలు తగ్గి, దసరా దీపావళి వెళ్లాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలు దిగుతాయి. ఊళ్లోనే అడ్వాన్సు తీసుకుని వస్తారు, అది తీరేదాకా ఇక్కడి నుంచి కదలడానికి లేదు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. మట్టి కలిపే మనిషి, ఇటుక కోసే మనిషి, మోసి ఆరబెట్టే మనిషి, ఇలా ముగ్గురుంటే గాని పని సాగదు. వచ్చేది మొగుడూ పెళ్లాం. మూడో మనిషి ఎవరో మీరే అనుకోండి. పచ్చి ఇటుకల్ని ఎండకు తిప్పి పెట్టాలంటే వాటి మధ్య మెల్లగా నడవాలి. తేలికైన కాళ్లు కావాలి. అలా పిల్లలు పనిలోకి వస్తారు. ఎవరూ పిలవక్కర్లేదు, పనే పిలుస్తుంది.

ఇప్పుడు కాలెండరు చూడండి. మన బడి జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23 ప్రాంతాల్లో మూసేస్తారు. బట్టీ నవంబరులో మొదలై తొలకరి పడేదాకా నడుస్తుంది. ఒడిశాలో ఏప్రిల్ మొదట్లోనే కొత్త తరగతి మొదలవుతుంది. అంటే ఆ పిల్లలు మన బడికి సగం సంవత్సరంలో వస్తారు. వాళ్ల బడిలో పరీక్షలప్పుడూ ఉండరు, కొత్త పుస్తకాలు ఇచ్చేటప్పుడూ ఉండరు. వాళ్ల పేరు అక్కడి రిజిస్టరులో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటాడు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. డిసెంబరులో వచ్చే పిల్లలకి డిసెంబరులోనే, వాళ్ల మాట తెలిసిన మనిషి బడిలో ఉండాలి. జూన్‌లో పంచే కిట్టూ, సెప్టెంబరులో తీసే లెక్కా, వేసవిలో చేసే సర్వే కూడా వాళ్లకి దేనికీ అక్కరకు రావు.

పోయిన సీజన్లో మా బడికి బట్టీ నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. మా హెడ్మాస్టారూ నేనూ వెళ్లి మాట్లాడాం. తీసుకురావడం కష్టం కాలేదు. బడి అనగానే పిల్లలు బయల్దేరిపోయారు. ఒక పిల్లయితే గుడిసెలోకి పరిగెత్తి దువ్వెన తెచ్చుకుని దారిలో తల దువ్వుకుంటూ వచ్చింది. కష్టం అంతా బడికి వచ్చాక మొదలైంది. ఇప్పుడు హాజరు ఫోన్లో వేయాలి. ఫోన్లో పేరు కనపడాలంటే ముందు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అక్కడ ఆధార్ అడుగుతుంది. పిల్లాడు ఒడిశాలో చదివి ఉంటే వాడికి అక్కడ ఒక శాశ్వత నంబరు ఉంటుంది, ఆ బడివాళ్లు అక్కడ వదిలితే గాని ఇక్కడ ఎక్కదు. నువాపడా పక్కన ఎక్కడో పల్లెటూరి హెడ్మాస్టరు ఫోన్ నంబరు మా మాస్టారికి ఎవరిస్తారు? ఆయన పాపం ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి అందులో పెన్సిల్‌తో పేర్లు రాశారు. "పెన్సిల్ ఎందుకు మాస్టారూ?" అంటే, "పేర్లు సరిగ్గా తేలాలి కదమ్మా, ఎప్పుడు వెళ్లిపోతారో కూడా తెలీదు" అన్నారు. సీజన్ అయ్యేదాకా చాలా పేర్లు పెన్సిల్‌లోనే ఉండిపోయాయి.

చట్టం ప్రకారం ఇదేదీ అడ్డు కాకూడదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. చైర్‌పర్సన్ అన్నాక అదేమిటో చూద్దామని తెలుగు పుస్తకం తెప్పించుకుని చదివాను (మా ఆయన నన్ను ప్లీడరు గారూ అని ఎగతాళి చేస్తున్నారు). పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్. సంవత్సరం మధ్యలో వచ్చారని కాదనకూడదని 15. టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5. వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే పూచీ స్థానిక సంస్థదేనని 9వ సెక్షన్లో విడిగా రాశారు. ఆధార్ లేదని బడిలో సీటు కాదనకూడదని సుప్రీంకోర్టు కూడా 2018లో చెప్పింది. సుప్రీంకోర్టు చెప్పిన మాట యాప్‌కి చెప్పిన వాళ్లు లేరు, అంతే.

యాప్‌లో లేకపోతే నష్టం చదువుతో ఆగదు, అన్నం దగ్గర కూడా తేడా వస్తుంది. బియ్యం, గుడ్లు హాజరు లెక్క మీదే వస్తాయి. మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మాకు పరాయి మనిషి కాదు, లంకల గన్నవరం ఇక్కడికి దగ్గరే. ఆకలితో వచ్చిన వాళ్లని ఏ ఊరు, ఏ కులం అని అడగకుండా పెట్టిన ఇల్లాలు. అలాంటి తల్లి పేరున్న భోజనం దగ్గర పదిహేను కంచాలు లెక్కలో లేవు. మా వంట చేసే అక్క అన్నం ఎలాగో సర్దింది. పప్పు కొంచెం పలచన చేసింది. గుడ్డు పలచన కాదు కదా! కమిటీ వాళ్లం తలా కొంత వేసుకుని ట్రేలు కొనిచ్చాం. అనపర్తి, తణుకు కోళ్ల ఫారాలు పక్కనే ఉన్న చోట గుడ్డుకు చందాలేమిటని నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇక పాఠం సంగతి. మా బడిలో ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు ట్రైనింగ్‌కి వెళితే రెండోవారే అన్నీ చూడాలి. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మా పిల్లలకి అదొక సౌకర్యం, ఇటు అర్థం కాకపోతే అటు చూసుకుంటారు. ఆ పిల్లలకి ఎటు చూసినా ఒకటే. తెలుగు చదవడం రాదు కాబట్టి పెద్దా చిన్నా అందర్నీ ఒకటీ రెండూ తరగతుల్లో కూర్చోబెట్టారు. టీచరు గారిని అనడానికి లేదు, ఆవిడ మాత్రం ఎన్ని చోట్ల ఉంటుంది?

అందులో ఒక కుర్రాడు, పదేళ్లుంటాయి. రెండో తరగతి పిల్లల మధ్య మోకాళ్లు మడుచుకుని కూర్చునేవాడు. నేను కమిటీ మీటింగ్ సంతకాల కోసం వెళ్లిన రోజు టీచరు గారు బోర్డు మీద 47కి 38 కలపమని నాలుగో తరగతి వాళ్లకి లెక్క వేశారు. ఆవిడ ఏ తరగతికి వేసినా వినపడేది అందరికీ, ఒకటే గది. ఈ కుర్రాడు పలక మీద ఏదో గీస్తున్నాడు. బొమ్మలనుకున్నాం. దగ్గరికి వెళ్లి చూస్తే అంకెల్లా వరసగా, ఒకదాని కింద ఒకటి, కింద గీత. ఎడమ వైపు పైన చిన్న గుర్తు ఒకటి వేశాడు. మనం చేతిలో ఒకటి అని పైన వేసుకుంటామే, అది! వాడు లెక్క చేస్తున్నాడు. ఒడియా అంకెల్లో చేస్తున్నాడు. వాళ్ల ఒకటీ రెండూ తరగతుల లెక్కల పుస్తకాల్లో ఆ అంకెలే ఉంటాయట. వాళ్ల 4 మన 8కి పైన తెరిచి పెట్టినట్టు ఉంటుంది. టీచరు గారు బోర్డు మీద 1 నుంచి 10 దాకా రాసి, కింద నీవి రాయమని సైగ చేశారు. రాశాడు. తరవాత ఆ రెండు వరసలూ చూసుకుంటూ 85 అని మన అంకెల్లో రాసి చూపించాడు. నాలుగో తరగతిలో మా అమ్మాయి ఇంకా రాస్తూనే ఉంది.

బట్టీ పిల్లలకి లెక్క బాగానే వస్తుంది. పొద్దస్తమానం వరసల్లో పేర్చిన ఇటుకల మధ్యే ఉంటారు, వందలూ వేలూ నోటి మీదే ఉంటాయి. ఆ రోజు టీచరు గారు వాడిని లెక్కల టైములో నాలుగో తరగతి వైపు జరిపారు. తెలుగు అక్షరాలకి మాత్రం చిన్నపిల్లలతో. చట్టంలో 4వ సెక్షన్ చెప్పేది దాదాపు ఇదే. వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి, వెనకబడింది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా ఇవ్వొచ్చని కేంద్రం నమూనా నియమాల్లో ఉంది. మా దగ్గర ఆ పిల్లలు ఉండేదే, సంక్రాంతి సెలవులు తీసేస్తే, నాలుగు నెలలు. ఎవరో వచ్చి పరీక్ష పెట్టి, నివేదిక పంపి, మనిషిని వేసేలోపు బట్టీ ఆరిపోతుంది.

టీచరు గారు ఫోన్లో తర్జుమా యాప్ కూడా పెట్టి చూశారు. అందులోంచి వచ్చే ఒడియా విని పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది వేరు, ఫోన్లో ఆవిడ వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. నవ్వడం వల్ల భయం పోయింది, ఆ మేరకు లాభమే.

మాకు నిజంగా సాయం వచ్చింది అనుకోని చోటు నుంచి. మా దగ్గరి బ్యాంకులో పనిచేసే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి ఒకతె జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తుంది. మాటల్లో ఈ గొడవ చెబితే, "అదేంటాంటీ, మా ఇచ్ఛాపురం వైపు సర్కారు బళ్లలో ఒడియాలోనే చెబుతారు కదా" అంది. నాకు అప్పటిదాకా తెలియదు. ఇచ్ఛాపురం, మందస వైపు మన రాష్ట్ర ప్రభుత్వమే ఒడియా మీడియం బడులు నడుపుతోంది. ఒడియా పాఠ్యపుస్తకాలు మనమే అచ్చు వేస్తాం. ఒడియాలో చెప్పే టీచర్లు మన జీతాల మీదే ఉన్నారు. పదో తరగతి పరీక్ష ఒడియాలో రాసే పిల్లలు మన రాష్ట్రంలోనే ఉన్నారు. వేరే రాష్ట్రాన్ని బతిమాలక్కర్లేదు, ఈ చివర ఉన్నది ఆ చివరకి పంపితే చాలు.

బ్యాంకుకి నాలుగో శనివారం సెలవు, బడి ఉంటుంది. ఆ అమ్మాయిని తీసుకెళ్లాను. బలంగీర్ వాళ్ల మాటకీ తన మాటకీ తేడా ఉందని ముందే చెప్పింది, అయినా పని నడిచింది. అన్నాళ్లూ మాకు తెలియనివి గంటలో బయటపడ్డాయి. ఎవరు అక్కడ ఏ క్లాసు, ఎవరు అసలు బడి మొహం చూడలేదు, ఎవరు రెండేళ్లుగా మానేశారు. ఒకడు బోర్డు వైపు చూడడు, పొగరనుకున్నాం. వాడికి దూరం ఉన్నవి కనపడవట. ముందు వరసకి మార్చాం. అంతమాత్రానికి నెలలు పట్టింది. రోజూ అలాంటి మనిషి ఒకరుంటే?

ఉంటే ఏమవుతుందో కేరళలో చూశారు. ఎర్నాకుళం జిల్లాలో 2017లో రోష్ని అని ఒక పథకం పెట్టారు. బడి గంట కొట్టకముందు గంటన్నర సేపు, పిల్లల భాష, మలయాళం రెండూ తెలిసిన వాలంటీరు కూర్చుని, పిల్లలకి తెలిసిన మాటలోంచి మెల్లగా తెలియని దాంట్లోకి తీసుకెళతారు. పొద్దున్నే వచ్చిన పిల్లలకి టిఫిను కూడా పెట్టారు. తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా చెప్పే వాళ్లతో పని చోటే బడులు నడిపారు. నా మటుకు నాకు ఎర్నాకుళం పద్ధతే నచ్చింది. బట్టీ దగ్గర బడి పెడితే అది బట్టీ టైము ప్రకారం నడుస్తుంది. ట్రాక్టరు లోడుకి మనుషులు తక్కువైతే ముందు ఖాళీ అయ్యేది అదే. ఊరి బడికి వస్తే కనీసం ఆ ఆరేడు గంటలు ఇటుక కనపడదు. బడి దూరమైతే రవాణా భత్యం ఇవ్వడానికి నిబంధనల్లో వీలుంది, మట్టి టిప్పర్లు తిరిగే గట్టు మీద పిల్లల్ని నడిపించే బదులు ఆటో పెట్టండి.

దువ్వెన పిల్ల గురించి పైన చెప్పాను. ఆ పిల్ల వారానికి రెండు మూడు రోజులే వచ్చేది. వచ్చినప్పుడు చంకలో తమ్ముడు ఉండేవాడు, ఏడాదిన్నర వాడు. తల్లి మట్టిలో ఉంటుంది, వాణ్ణి ఎవరు చూడాలి? టీచరు గారు మంచిది కాబట్టి వాణ్ణి కూడా బడిలో కూర్చోనిచ్చారు. వాడు ఏడిస్తే అక్క బయటికి, పడుకుంటే అక్క లోపలికి. ఇక ఆ పిల్లకి పాఠం ఎంత ఎక్కుతుంది? మా అంగన్‌వాడీ బడి పక్క వాటాలోనే ఉంది. వేరే చోటి నుంచి వచ్చిన పిల్లల్ని పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే యాప్) నమోదు చేసే వీలుందని అంగన్‌వాడీ టీచరు తరవాత కనుక్కుని చెప్పారు. వాణ్ణి అక్కడ చేర్చిన దగ్గర నుంచి ఆ పిల్ల రోజూ వచ్చింది. అందుకే పెద్దపిల్లల లెక్క తీసేటప్పుడు చంకలో పిల్లల్ని కూడా లెక్క తీయమంటున్నాను.

ఊళ్లో అందరూ సంబరపడ్డారని చెప్పను. "వాళ్లొస్తే మా పిల్లల చదువు కుంటుపడుతుంది", "తలలో పేలు", "రేపు ఎండాకాలం వెళ్లిపోయే వాళ్లకి ఎందుకీ హైరానా" అన్నారు. కొందరు కాన్వెంటు బస్సు ఎక్కిస్తామని బెదిరించారు. వాళ్లతో నేను పెద్ద వాదన పెట్టుకోలేదు. కోనసీమలో ఏ వీధిలో చూసినా తల్లి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. మా తాతల కాలంలో ఇక్కడి జనం రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి కూలి చేశారు. పొట్ట చేత పట్టుకుని పోవడం మనకి తెలియని విద్యా? మీటింగులో ఇదే అడిగాను. ఒక పెద్దాయన తల దించుకున్నాడు, ఒకావిడ లేచి వెళ్లిపోయింది. పేలకి మందు మాత్రం ఊరి పిల్లలకీ, బట్టీ పిల్లలకీ కలిపే వేయించాం. ఎవరి తలలోంచి ఎవరికి ఎక్కాయో ఎవరూ తేల్చలేదు.

నిజానికి బడిని నిలబెట్టుకోవాలన్నా ఈ పిల్లలు కావాలి. చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 60 దాటితే ముగ్గురు. బడుల లెక్కకి దేశమంతా సెప్టెంబరు 30ని ఆధారంగా పెట్టుకోవడం ఏళ్లుగా ఉన్న అలవాటు. మా బట్టీ పిల్లలు ఆ రోజుకి ఇంకా వాళ్ల ఊళ్లో ఉంటారు. సంక్రాంతి తరవాత వచ్చి లెక్క పెట్టండి, మా బడి వేరేగా కనపడుతుంది. ప్రతి సంవత్సరం అదే నెలల్లో అదే బట్టీలకి మనుషులు వస్తున్నప్పుడు, అది ఎవరికీ తెలియని సంగతన్నట్టు ప్రతి డిసెంబరులో కొత్తగా ఆశ్చర్యపోవడం ఎందుకు?

రేషన్ చూడండి. వన్ నేషన్ వన్ రేషన్ అన్నారు, ఒడిశా కార్డుతో ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. వేలిముద్ర వేస్తే కార్డు ఏ ఊరిదో మిషనుకి తెలిసిపోతుంది. పిల్లాడు ఏ తరగతి చదివాడో చెప్పడానికి మాత్రం దారి లేదు. ఏప్రిల్‌లో మా బడి నుంచి వెళ్లేటప్పుడు ఆ పిల్లల చేతికి ఏ కాగితమూ రాలేదు. ఇక్కడ నాలుగు నెలలు చదివాడన్న సంగతి అక్కడి మాస్టరుకి తెలియదు. అక్కడ మళ్లీ గైర్హాజరే రాస్తారు.

ఏప్రిల్ అనగానే ఇంకొకటి గుర్తొచ్చింది. సెలవులు ఇచ్చాక బడీ లేదు, భోజనమూ లేదు. బట్టీకి అదే అసలు సీజను, ఎండ ఉంటేనే ఇటుక ఆరేది. అప్పటిదాకా పలక పట్టుకున్న వాళ్లు మర్నాటి నుంచి ఇటుకలు తిప్పారు. గట్టు మీద వెళుతూ నేనే చూశాను. మన పిల్లలు అమ్మమ్మ గారింటికి వెళితే వాళ్లు మూడో మనిషి పనికి వెళ్లారు.

పిల్లల్ని అసలు తీసుకురాకుండా అక్కడే సీజనల్ హాస్టల్లో ఉంచొచ్చు కదా అని అధికారులొకరు అన్నారు. ఒడిశాలో అవి ఉన్నాయి, కర్నూలు వైపు నుంచి వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం మనమూ నడిపాం. పెద్దపిల్లలకి మంచి ఏర్పాటే. ఆరేళ్ల పిల్లని ఏ తల్లి వదిలి వస్తుంది చెప్పండి? వచ్చిన వాళ్లకి ఇక్కడ చూడాల్సిందే. కడియం నర్సరీల్లో పనికి వచ్చే కుటుంబాలకీ, భీమవరం వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉండే వాళ్ల పిల్లలకీ ఇలాంటి ఇబ్బందులే ఉన్నాయని వింటున్నాను. అది దగ్గరగా చూసిన వాళ్లు రాస్తే బాగుంటుంది, నేను చూసింది బట్టీ వరకే.

బట్టీ ఓనర్ల మాట కూడా చెప్పాలి. మా దగ్గరి ఓనరు చెడ్డ మనిషి కాదు. పిల్లల పేర్లు రాసిస్తే బాలకార్మికుల కేసు పెడతారేమోనని భయం. అందుకని అడిగిన ప్రతిసారీ "పిల్లలెవరూ లేరమ్మా" అంటాడు, ఆయన వెనకాలే ఇద్దరు ఆడుకుంటూ ఉంటారు. ముందు బడిలో చేర్చండి, చేర్చిన పిల్లాడు మళ్లీ పనిలో కనపడితే అప్పుడు కేసు పెట్టండి అని పై వాళ్లు నోటితో కాకుండా కాగితం మీద చెబితే ఆయనే లిస్టు ఇస్తాడు.

మా కమిటీ తీర్మానం రాసి మండలానికి పంపింది. అందులో అడిగినవి ఇవి. బట్టీలు ఎక్కువ ఉన్న మండలాల్లో డిసెంబరు మొదటి వారంలో సచివాలయం సిబ్బందితో పిల్లల లెక్క తీయాలి, చంటిపిల్లలతో సహా. ఆ లెక్క మీద ఏప్రిల్ ఆఖరు దాకా కాదు, బట్టీ ఆరేదాకా బడికో ఒడియా తెలిసిన వాలంటీరుని వేయాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒడియా చదువుకుని ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న ఆడపిల్లలు వస్తారని మా బ్యాంకు అమ్మాయి చెబుతోంది, ఉండటానికి ఇల్లు మేం చూస్తాం. ఒకటి నుంచి ఐదు దాకా ఒడియా పుస్తకాలు కట్టకి కట్ట రావాలి, పాతవైనా సరే. ఆధార్ లేకపోయినా తాత్కాలిక నంబరుతో హాజరూ, భోజనమూ యాప్‌లో పడాలి. వెళ్లేటప్పుడు పిల్లాడి చేతికి ఏం నేర్చాడో, ఎన్ని రోజులు వచ్చాడో ఒడియాలో ఒక కాగితం, కింద మా మాస్టారి ఫోన్ నంబరు. ఎండాకాలంలో కనీసం పూట బడి, పూట భోజనం.

తీర్మానం అందిందని రసీదు వచ్చింది, జవాబు రాలేదు. దసరా తరవాత మళ్లీ జనం దిగుతారు. వాలంటీరుని వెతకడానికీ, పుస్తకాలు తెప్పించడానికీ ఎంత తక్కువ అనుకున్నా రెండు నెలలు పడుతుంది, అంటే ఆగస్టులోనే కదలాలి. మీ విలేకరిని ఒకసారి పంపండి. అయితే చేర్పించే రోజు కాదు, ఫిబ్రవరిలో ఏదో ఒక మామూలు మంగళవారం, చెప్పకుండా రమ్మనండి. మా ఇల్లు బడికి ఎదురే, వరండాలో మిషను చప్పుడు వినపడుతుంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్,
కొత్తపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.